బీరుతో తలుచుకోకూడని పేరు

త్బిలిసీలో మెట్రో మెట్లు దిగే చోట, నేలకింద గది.
తల వంచకపోతే ద్వారబంధం నుదుటికి తగులుతుంది.
లమారా వంచలేదు. తగిలింది.
"ముప్పై ఐదేళ్లయినా దీనికి నేనంటే పడదు" అంది,
నుదురు రుద్దుకుంటూ, నవ్వుతూ.

నా దగ్గర పద్దెనిమిది లరీలు.
దాని దగ్గర పదహారు,
కోటు అస్తరులోకి జారిపోయిన చిల్లర కాక.
నాకు ఈ నెల కళ్లద్దాలు, దానికి పన్ను.
కూర్చోకముందే లెక్క చెప్పేసుకున్నాం,
హాస్టల్లో చెప్పుకున్నట్టే, సిగ్గెగ్గుల్లేకుండా.

పది ఖిన్కాలీలు. చెరో బీరు.
తర్వాత, ధైర్యముంటే, చెరో బీరు.

పళ్లెం పొగలు కక్కుతూ వచ్చింది.
ఒక్కో ఉండకీ నెత్తిన పిండి కుచ్చెళ్లు,
పైన బిగించిన ముడి.
ఫోర్కు ముట్టుకుంటే పరువు దక్కదు.
ముడి పట్టుకుని తలకిందులు చేసి
అంచు కొరికి ముందు రసం జుర్రుకోవాలి,
మాంసం సంగతి ఆ తర్వాత.
రసం లమారా మోచేతిదాకా కారింది.
గ్రానైటునీ నైసునీ చీకట్లో తడిమి చెప్పిన చెయ్యి
ఇప్పుడు బజార్లో గుండీలు ఏరి అమ్ముతోంది.
నేనేమో మందుల షాపులో
దగ్గుకీ నిద్రకీ బిల్లులు రాస్తాను.

మా దగ్గరో పద్ధతుంది.
వైన్ గ్లాసు ఎత్తితే కావలసినవాళ్ల పేరు చెప్పాలి.
బీరెత్తితే, గిట్టనివాళ్ల పేరు.
చవకగా తాగేవాళ్లకి
తిట్టుకునే సౌకర్యమైనా ఉండాలి కదా.

"కొండెక్కేది మగపిల్లలు, మీరు టీ కాయండి
అన్న ప్రొఫెసరుకి!"
"జనవరిలో గ్యాసు కట్టేసినవాడికి!"
"మా ఇంటి ఓనరుకి, వాడి కుక్కకి కూడా!"
"కుక్కనొదిలెయ్. పాపం, దానికీ అద్దె పెంచుంటాడు."
రెండో బీరు సగానికొచ్చేసరికి
శత్రువులు అయిపోయారు.
లమారా తన మోకాళ్ల పేరు చెప్పి తాగింది.

ముడులు ఎవరూ తినరు.
ఎన్ని తిన్నారో లెక్కకి పళ్లెం అంచున వదిలేస్తారు.
లమారా వాటిని వేలితో తోసుకుంటూ తోసుకుంటూ
ఎవరూ లేని మూడోవైపుకి చేర్చింది.
నేను చూశాను. అదీ చూసింది.

జుంబేర్ తినేవాడు.
మా ముడులు, పక్క బల్లవాళ్లవి కూడా
అడిగి తెచ్చుకుని, ఉప్పు చల్లుకుని.
సగం ఉడికిన పిండి కడుపులో రాయవుతుందిరా అంటే
"రాళ్ల చదువే కదా" అనేవాడు.

నా గ్లాసు గాల్లోకి లేచింది.
లమారా నా మణికట్టు పట్టుకుంది.
"బీరుతో కాదు."

అప్పుడు కోటు విప్పి, కత్తిపీటకి ఆన్చి
అస్తరు కుట్లు పరపరా కోసేసింది...
కాదు, కత్తిపీట నా కల్పన. పళ్లతోనే కొరికింది,
కొత్తగా కట్టించుకున్న పన్నుతో.
ఇరవయ్యేసి తెత్రీలు, యాభైలు, ఒక గుండీ.
గ్లాసు వైన్‌కి ఇరవై తక్కువ.
నా జేబులో లిఫ్టు కోసం దాచిన బిళ్ల ఉంది.
బల్ల మీద పెట్టాను.

ఒకే గ్లాసు. రొట్టె ముక్క మీద రెండు చుక్కలు వాడికి.
చెరో గుక్క మాకు.
పేరు మాత్రం ఇద్దరం ఒకేసారి అన్నాం,
వెయిటరు తననే పిలిచామనుకుని వచ్చాడు.

చివరి మెట్రో పోయింది. లమారా ఇల్లు ఎనిమిదో అంతస్తు.
బిళ్ల వెయ్యందే లిఫ్టు కదలదు.
ఎక్కాం. ప్రతి మలుపులోనూ ఆగి
గోడని వేలి కణుపుతో కొట్టి చూసింది,
సుత్తితో కొట్టినట్టు.
"సున్నపురాయి" అన్నాను.
"నీ మొహం. దొంగ సిమెంటు."

ఆరో అంతస్తులో దీపం లేదు.
మెట్టు మీద కూలబడి జేబులోంచి ఏదో తీసింది.
కాగితపు రుమాల్లో పది ముడులు,
చల్లబడి, బిగుసుకుపోయి.
ఐదు నాకిచ్చింది.
మధ్యలో ఉడకలేదు.

ఇంకా రెండంతస్తులున్నాయి.